బోర్లా చీరలు, బార్లా ఫోల్డరు

కంప్యూటర్ సంగతుల్లో పెడన మొత్తంమీద నన్ను మించినవాడు లేడు. అందుకే హరిబాబు ఇంట్లో జరిగింది మీకు చెప్పే అర్హత నాకుంది.

హరిబాబు కలంకారీ అద్దకం పనివాడు. గుడివాడ బట్టల వ్యాపారి సరోజినిగారు కొత్త డిజైన్లను ఫైళ్లుగా పంపితే, అచ్చులు చెక్కించి చీరల మీద అద్దుతాడు. అవి కొట్లోకి చేరేదాకా పరాయి కంట పడకూడదు. అందుకని ఉతికిన చీరలను కాలవగట్టున బోర్లా ఆరబెడతాడు. సొంత బావమరిది వచ్చినా అటువైపు రానివ్వడు.

అలాంటి మనిషి, కొత్త సినిమా ఉచితంగా వస్తుందని ఒక ఫైల్ షేరింగ్ యాప్ పెట్టుకున్నాడు. ఎక్కడ దించాలి, ఏ ఫోల్డరు పంచాలి అని అది అడిగితే, రెండింటికీ డిజైన్ల ఫోల్డరునే చూపించాడు.

మర్నాడు పాత డిజైను చీర ఒకటి కొనడానికి వచ్చిన బందరు లాయరు ఎలీసబెతుగారు కంప్యూటర్ తెర వైపు చూసి నిలబడిపోయారు.

"ఇదేంటయ్యా హరిబాబూ, ఈ ఫోల్డరు లోకానికంతటికీ తెరిచిపెట్టావు? సరోజినిగారి డిజైన్లు ఎవరైనా తీసుకోవచ్చు."

"అమ్మో! ఆవిడ మళ్లీ నా గడప తొక్కరండీ!"

"చీరలేమో బోర్లా, కంప్యూటరేమో వెల్లకిలా!" అంది భార్య వీరదుర్గ.

అక్కడే ఉన్న నేను గభాల్న స్విచ్ కట్టేయబోయాను.

"తాతగారూ, ఆగండి! ఏం వెళ్లిందో ముందు చూడాలి," అన్నారు లాయరుగారు. కంప్యూటర్లో నాకు తెలిసిందల్లా ఆ స్విచ్చేనని అందరికీ తెలిసిపోయింది.

ఆవిడ చూస్తున్నంతసేపూ హరిబాబుకు పట్టిన చెమటకు పక్కనున్న చీర రంగు వెలిసిపోయింది. చివరికి ఆవిడ నవ్వారు.

"డిజైన్లు ఎవరూ తీసుకోలేదు. బయటికి వెళ్లింది సినిమా ఒక్కటే. దానికి సంబరపడకు. నువ్వు దించుకుంటుండగానే నీ కంప్యూటరు దాన్ని ఇతరులకూ పంచింది. తెలియదండీ అంటే చట్టం వదలదు."

పంచడం ఆపించి, సినిమానూ యాప్‌నూ తీయించారు. హరిబాబు వెంటనే సరోజినిగారికి ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పాడు.

"ఇంకొకరి నోట వింటే నీకు పనివ్వడం మానేసేదాన్ని. నువ్వే చెప్పావు గనక సరిపోయింది. శ్రావణానికి చీరలు అందించు," అన్నారావిడ.

హరిబాబు అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు. వీరదుర్గ చెంబు అందిస్తూ, "ఇంతకీ సినిమా ఎలా ఉంది?" అంది.

"సగం కూడా చూడలేదే!"

ఎలీసబెతుగారు చీర చంకన పెట్టుకుని లేచారు. "నమ్మి ఇచ్చినదాన్ని భద్రంగా ఉంచడం, మనది కానిదాన్ని దించుకోకపోవడం, రెండూ మన బాధ్యతే హరిబాబూ."

అయ్యా, చెమటకు చీర రంగు వెలిసిందన్నది మాత్రం నా కల్పన. పెడన రంగు అంత తేలిగ్గా పోదు. ఆ రోజు పోబోయి ఆగింది హరిబాబు పేరు.