పర్వాలేదు గడిలో టిక్కు

రిసెప్షన్ బల్ల వెనక నిలబడ్డ అమ్మాయికి ఆ పేరు పిలవడానికి నోరు రాలేదు. కంప్యూటర్ వంక చూసింది, ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ వంక చూసింది, మళ్ళీ కంప్యూటర్ వంక చూసింది.

"మేడమ్... మీ పేరు?"

"ముసలమ్మ."

"వయసు కాదు మేడమ్, పేరు."

"అదే పేరమ్మే. మా పాళెంలో దేవత పేరు. పుట్టినప్పుడూ ముసలమ్మనే, పెళ్ళినాడూ ముసలమ్మనే. ఇప్పుడిప్పుడే పేరుకు తగ్గట్టు తయారవతా ఉండా."

పక్కన యూనిఫాంలో నిలబడ్డ రోజా నవ్వు ఆపుకోలేక తల పక్కకి తిప్పుకుంది. ముసలమ్మకి రోజా కోడలు. ఆ సంగతి ఈ రెండు రోజులూ మర్చిపొమ్మని వచ్చే దారిలోనే ఆటోలో బతిమాలింది. "అత్తా, ఆడ నువ్వు గెస్టువి. నేను నిన్ను మేడమ్ అంటా. నువ్వు నన్ను ఒసే గిసే అనబాక."

కృష్ణపట్నం రేవుకి ఉత్తరంగా, ఇసుక దిబ్బల మీద కట్టిన ఆ హోటలు ఇంకా తెరవలేదు. ఒంటికి, మనసుకి ఆరోగ్యం ఇచ్చే హోటలట. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి వచ్చి దిగేవాళ్ళ కోసం కట్టారు. తెరిచే ముందు పనివాళ్ళ చేతులు కుదురుకోవాలని వాళ్ళ ఇళ్ళ నుంచే ఒక్కొక్కరిని రెండు రోజులు ఉచితంగా ఉండమని పిలిచారు. ఉండి, తిని, మర్దన చేయించుకుని, చివర ఒక కాగితం మీద ఎవరి పని ఎట్లా ఉందో టిక్కులు పెట్టాలి. మర్దన నేర్చుకున్నవాళ్ళు ఆరుగురు. ఉద్యోగం నలుగురికే. ఆ టిక్కులే నిర్ణయం.

రోజాకి ఆ ఉద్యోగం వస్తే ఆమె మొగుడు పెంచల్ ఇంటిపట్టున ఉంటాడు. ముసలమ్మకి కావలసింది అదొక్కటే. దగ్గర్లో చేప లేక ఆమె కొడుకు ఏడాదికి ఎనిమిది నెలలు మంగుళూరు బోట్ల మీద కూలికి పోతున్నాడు. పెళ్ళయి ఐదేళ్ళు. మొగుడూ పెళ్ళాం ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపితే రెండేళ్ళు కావు. వచ్చే బుధవారం రైలుకి మళ్ళీ టికెట్ తీసి పెట్టుకున్నాడు. రోజా పేరు లిస్టులో ఉంటే ఆ టికెట్ అక్కర్లేదు. ఇంటికున్న చిన్న బోటు మీద వచ్చేదానికి తోడు ఆమె జీతం ఉంటే గడిచిపోతుంది.

గదిలోకి పోగానే తెల్లటి టవలుగుడ్డతో కుట్టిన పొడుగు కోటు తెచ్చి మంచం మీద పెట్టింది రోజా.

"ఇదేసుకోవాల మేడమ్."

"నీ మొగం. మీ మామ పోయినప్పుడు మా అత్త తెల్లకోక తెచ్చిస్తేనే నేను కట్టలా. ఇప్పుడు ఊరికే ఇచ్చినారని కడతానా?"

"అత్తా, అది కోక కాదు. అందరూ వేసుకునేదే. ఈ హోటలు కట్టిన కాంట్రాక్టరు పెళ్ళాం కూడా వేసుకున్నాది పొద్దున."

"ఆమె మొగుడు ఉన్నాడు గదా, ఆమెకేం."

చివరికి రోజా తన ఎర్ర దుప్పట్టా తీసి కోటు మీద నడుముకి కట్టింది. అప్పుడు గాని ముసలమ్మ వరండాలోకి రాలేదు. దారిలో ఎదురైన మేనేజరు బెన్హర్ ఆ ఎర్ర నడికట్టు చూసి ఆగాడు. నెల్లూరు మనిషి. మెడలో టై, కాళ్ళకి మెరిసే బూట్లు, కానీ మాటలో ఊరితనం పోలేదు. "బాగుండాది పెద్దమ్మా. కాయితం మీద మాత్రం మొగమాటం లేకుండా రాయండి. మీ వాళ్ళయినా సరే, నిజమే రాయాల" అన్నాడు.

ఆ పొద్దంతా ముసలమ్మకి నవ్వే పని. ఉప్పు గది అని ఒకటి ఉంది, గోడలన్నీ ఉప్పు రాళ్ళే. అందులో అరగంట కూర్చుంటే ఊపిరితిత్తులకి మంచిదట. "మా పుట్టింటోళ్ళు ఉప్పు కయ్యల్లో నలభై ఏళ్ళు కూర్చున్నారమ్మే, ఒక్కరూ మంచిదని చెప్పలా" అంది అక్కడున్న పిల్లతో. మధ్యాహ్నం గాజు గ్లాసులో ఏదో పోసి, పైన కరివేపాకు పెట్టి తెచ్చారు. ఒక గుక్క తాగి చూస్తే పులిసిన రాగి గంజి. దాని పేరు మాత్రం ఆమె నోరు తిరగలేదు.

రెండింటికి మర్దన. కామాక్షి అనే పిల్ల పాదాలు పట్టింది. రెజీనా అనే పిల్ల తలకి నూనె పెట్టింది. ఇద్దరూ శ్రద్ధగా చేశారు. మెడ, భుజాలు రోజా వంతు.

రోజా నూనె తన మణికట్టు మీద పోసుకుని చూసుకుంటుంటే ముసలమ్మ బల్ల మీద బోర్లా పడుకుంది. ఇంట్లో రోజూ చూసే పిల్లే. చారులో పులుపు ఎక్కువేసే పిల్ల. అయినా ఆ చేయి తన మెడ మీద పడేసరికి ముసలమ్మకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టనిపించింది. ఆ చేయి నొక్కలేదు. ఊరికే ఉంది, కాసేపు. తర్వాత కదిలింది. ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ముత్తుకూరు దాకా నడిచిన మెడ అది. కుడి రెక్క కింద గోలీకాయంత ముడి ఉంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రోజా బొటనవేలు చీకట్లో పిల్లి నడిచినట్టు నడిచి సరిగ్గా దాని మీదకి వచ్చి ఆగింది.

వెల్లకిలా తిరిగి పడుకునే వేళకి ముసలమ్మ కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఎందుకో ఆమెకే తెలియదు. రోజా ఏమీ అడగలేదు. దుప్పటి మొహం దాకా లాగి, పాదాల దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది.

'నా తల్లే' అనుకుంది ముసలమ్మ లోపల. పైకి మాత్రం, "అయిపోయినాదా? కాళ్ళు చల్లబడతా ఉండాయి" అంది.

గదికి తిరిగొచ్చేసరికి బల్ల మీద కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నావిడ కాబట్టి వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. ఒక్కొక్క పేరుకి ఎదురుగా ఐదు గడులు. అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. కామాక్షికి అద్భుతం. రెజీనాకి అద్భుతం. గంజి తెచ్చిన పిల్లకి కూడా, పాపం ఎండలో వచ్చిందని, అద్భుతం.

రోజా పేరు దగ్గర చేయి ఆగింది.

పాళెంలో బోటు మునిగేంత చేప పడ్డా రేవులో ఎవరైనా అడిగితే "ఏదో, కూరకి పడినాయి" అనాలి. పడిందని గొప్పగా చెప్పుకున్నవాడి వల మర్నాడు ఖాళీగా వస్తుంది. ముద్దుగా ఉన్న తమ బిడ్డని చూసి "నల్లపిల్ల" అంటారు. పెళ్ళయిన కొత్తలో పక్కింటివాళ్ళు "కోడలు ఎట్టుండాది?" అని అడిగితే ముసలమ్మ "పర్వాలేదు" అనే చెప్పింది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమెకి తెలియదు. ఎదుటివాళ్ళ పిల్లల్ని ఎంతైనా పొగడొచ్చు. మన పిల్లని మాత్రం మాట చాటున దాచుకోవాలి, లేకపోతే కళ్ళు పడతాయి. ఇక్కడా ఆరుగురు పిల్లలు నలుగురి చోటు కోసం చూస్తున్నారు. ఎన్ని కళ్ళు!

ముసలమ్మ పర్వాలేదు గడిలో గట్టిగా, అవతలి పక్కకి అచ్చు పడేట్టు, టిక్కు పెట్టింది. కాగితం కోసం వచ్చిన పిల్ల చేతికి ఇచ్చేసి, కోడలికి మంచి చేశానన్న తృప్తితో కాసేపు నిద్రపోయింది.

నాలుగున్నరకి తలుపు కొట్టింది రోజా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు అట్ట రాసినావు?"

"ఏంది రాసినాను?"

"పర్వాలేదని. అందరికీ అద్భుతం, నాకు పర్వాలేదు. బెన్హర్ సార్ చూపించినాడు. సొంత అత్తే ఇంత తక్కువేసిందంటే బయటోళ్ళు ఏమంటారు అన్నాడు. ఆరుగురిలో నేనే ఆఖరు." కళ్ళు తుడుచుకుంది. "నీకు నేనంటే ఇష్టం లేకపోతే ఇంట్లో అనాల అత్తా. ఈడ కాదు."

"అయ్యో పిచ్చిదానా! కళ్ళు పడకుండా అట్ట..."

"కళ్ళా? అది చదివేది కళ్ళు కాదు, కంప్యూటరు. దానికి నీ దిష్టి తెలుసా?"

ముసలమ్మకి అప్పుడు అర్థమైంది. తను దాచాననుకున్నది దాచలేదు, ముంచింది. బుధవారం రైలు కళ్ళ ముందు కదిలింది. ఎర్ర నడికట్టుతోనే, చెప్పులు కూడా లేకుండా, బెన్హర్ గదికి పోయింది.

ఆయన ఓపిగ్గా విన్నాడు. కూరకి పడ్డ చేపల మాట చెప్తే నవ్వాడు కూడా. కానీ చివర తల అడ్డంగా ఊపాడు.

"రేపు పొద్దున లిస్టు పెట్టిందాకా ఆ కాయితం మీదే పెద్దమ్మా, మార్చుకోవచ్చు. కానీ నాకు ఒక చిక్కు ఉండాది. కోడలు ఏడ్చిందని మారుస్తా ఉండారా, నిజంగానే బాగా చేసిందని మారుస్తా ఉండారా? నేను ఎట్ట తెలుసుకునేది?"

ముసలమ్మ ఎర్ర నడికట్టు కొసతో మొహం తుడుచుకుంది.

బెన్హర్ పెన్ను మూత పెడుతూ, తీస్తూ ఆలోచించాడు. "మీ పాళెంలో మంచి జరిగితే నోరు మూసుకోవాల. మా చర్చిలో దానికి తలకిందులు. మేలు జరిగితే ఆదివారం అందరి ముందర లేచి నిలబడి సాక్ష్యం చెప్పాల. ఊరికే బాగుండాది అంటే ఒప్పుకోరు మావాళ్ళు, ఏం జరిగిందో వివరంగా చెప్పాల. ఐదింటికి స్టాఫ్ మీటింగ్ ఉండాది. వచ్చి చెప్తారా?"

"అందరి ముందరా?"

"అందరి ముందరే. ఆ ఆరుగురు కూడా ఉంటారు."

ముసలమ్మకి తుపానులో మొగుడు సముద్రం మీద ఉన్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదేమో. పొగిడితే ఆ పిల్లకి ఏమవుతుందో. పొగడకపోతే ఏమవుతుందో తెలుస్తూనే ఉంది.

ఐదింటికి భోజనాల హాల్లో ముప్పై మంది చేరారు. రోజా వెనక వరసలో తల దించుకుని కూర్చుంది. ముసలమ్మ లేచి కుర్చీ వీపు పట్టుకుంది.

"నాకు మీటింగులు అలవాటు లేదు. ఈ రోజా నా కోడలు. నేను రాసింది తప్పు." ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "నూనె తెచ్చి నా మీద పొయ్యలా. ముందు తన మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకున్నాది. చెయ్యి పెట్టి ఊరికే ఉన్నాది, నేను ఊపిరి ఎట్ట తీస్తా ఉండానో చూసినాది. నా రెక్క కింద ముడి ఉండాది. నా మొగుడికి కూడా తెల్దు ఆ సంగతి. ఆ బిడ్డ వేలికి తెలిసినాది. నొప్పి పుట్టే కాడికి పోయి, దాటలా, ఆడ ఆగినాది."

వెనక వరసలో రోజా తల ఎత్తింది.

"నేను ఏడ్చినా. ఎందుకు అని అడగలా. అడిగుంటే సిగ్గుతో చచ్చుండేదాన్ని. దుప్పటి కప్పి అటు తిరిగి నిలబడినాది. నొక్కేది మీరు నేర్పినారు సార్. అటు తిరిగేది మీరు నేర్పలా. అది ఆ పిల్లదే." ఆమె రోజా వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు. "నా కోడలు బంగారం. చెప్పినా, ఇంక ఏమైతే అది కానీ."

కుర్చీలో కూలబడింది. కామాక్షి ముందు చప్పట్లు కొట్టింది. రెజీనా "ఆమెన్" అంది, అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు హోటలు వెనక మెట్ల మీద కూర్చున్నారు. దూరంగా రేవులో క్రేన్లు ఒక ఓడలో నుంచి పెట్టెలు దించుతున్నాయి. రోజా అటే చూస్తూ కూర్చుంది.

"ఐదేళ్ళయినాది నేనొచ్చి" అంది ఆఖరికి. "ఇంట్లో ఒక్కసారి అనుంటే సరిపోయేది గదా అత్తా. నేనెప్పుడూ నీకు నచ్చలేదనే అనుకున్నా. చారు పోసినప్పుడల్లా భయమే."

ముసలమ్మ కోడలి భుజం మీది ఇసుక దులిపింది. "పులుపు మాత్రం జాస్తే" అంది. రోజా ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పదింటికి లిస్టు పెట్టారు. నలుగురి పేర్ల కింద గీత, గీత కింద ఐదో పేరు. రోజా. ఆర్నెల్లు జీతమిచ్చి చూసి, తర్వాత ఖాయం చేస్తామని పక్కన రాసి ఉంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళని, వయసైనవాళ్ళని ముందు ఆమె దగ్గరికే పంపుతామని బెన్హర్ చెప్పాడు. ఆర్నెల్లంటే తక్కువ కాలం కాదు. కానీ ఆర్నెల్లలో ఎన్ని వీపులు వస్తాయి!

రోజా అక్కడికక్కడే ఫోను తీసి పెంచల్‌కి చేసింది, స్పీకరు పెట్టి.

"వచ్చినాది! ముందు ఆర్నెల్లంట! టికెట్టు చింపెయ్!"

"ఫోన్లో ఉండే టికెట్టు ఎట్ట చింపేదే? క్యాన్సిల్ కొట్టాల" అన్నాడు పెంచల్. వెనక ఇంజను మోత వినిపిస్తోంది. "నిజంగానా? ఆర్నెల్లేనా? అమ్మేమంటా ఉండాది? పోనా, ఉండనా?"

ముసలమ్మ ఫోను లాక్కుంది. "అమ్మని అడగతావేందిరా, పని చేసేది ఆమె. ఆ చేతులు నేను చూసినా. ఆర్నెల్లు కాదు, ఎన్నేళ్ళైనా పెట్టుకుంటారు." ఊపిరి తీసుకుంది. "బుధవారం నీకూ కలిపి అన్నం వండతా. ఆపైన నీ ఇష్టం."