నోటి నుంచి మోకాలి దాకా

నేను ఒక పళ్ళ డాక్టరు కుర్చీని. నన్ను చూసి సంతోషపడ్డ మనిషి ఇంతవరకూ లేడు. మీసం మెలేసుకుంటూ వచ్చినవాళ్ళు కూడా నా మీదికెక్కగానే చేతిపిడులు గట్టిగా పట్టుకుని ఇలవేల్పుని తలుచుకుంటారు.

కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డులో నాకు ఇనుప ఎముకలు బిగించి, ఆకుపచ్చ రెగ్జీను తొడిగారు. లారీ ఎక్కి భీమవరంలో డాక్టరు వర్మగారి దగ్గరికి చేరాను. ఆయన చెయ్యి ఎంత తేలికంటే, పన్ను ఊడొచ్చాక కూడా రోగులు "ఎప్పుడు పీకుతారండీ?" అని అడిగేవారు. అలాంటి చేతికి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. పట్టకారు బిగించి పట్టుకుంటే ఆయన కళ్ళలోనే నీళ్ళు తిరిగేవి. ఒక సాయంత్రం ఆయనే నా మీద కూర్చుని ఆ వేలిని చాలాసేపు చూసుకున్నారు. నా కీళ్ళు కిర్రుమంటే నూనె చుక్క చాలు. మనిషి కీలు అలాంటిది కాదని ఆ రోజే తెలిసింది. తరవాత నన్ను నరసాపురంలో ఉన్న తన శిష్యురాలు సుభాషిణిగారికి ఇచ్చేశారు.

దీవెనమ్మ వచ్చింది అక్కడికే. లేసు అల్లికలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర్లు తిరిగాయి, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. చెల్లెలు కరుణ, ఆటో అబ్బాయి కలిసి మోసుకొచ్చి నా మీద కూర్చోబెట్టారు. కూర్చోగానే చేతులు కొంగు కింద దాచేసుకుంది.

"మోకాళ్ళు మారుస్తామన్న డాక్టరుగారు అక్క నోరు చూసి ఆపేశారండీ. ముందు పళ్ళు బాగుచేయించుకు రమ్మన్నారు. నడవడానికి పళ్ళెందుకండీ?" అంది కరుణ, కోపంగానే.

"చిగుళ్ళలో చీముందమ్మా. అందులో క్రిములు రక్తంలో కలిస్తే ఎక్కడికైనా పోతాయి. కొత్తగా పెట్టిన కీలుకి పట్టుకున్నాయంటే దాన్ని మళ్ళీ తీసెయ్యాల్సి రావచ్చు" అన్నారు సుభాషిణిగారు.

ఎన్ని నోళ్ళు చూశాను! ఆ నోటి నుంచి మోకాలి దాకా ఒక ఎర్రటి ఏరు పారుతుందని, పైన పడ్డది కింద తేలుతుందని ఎన్నడూ అనుకోలేదు. మనిషి ఒళ్ళు ఎంత పెద్ద ఊరు!

నోరు తెరవమంటే వేలు పట్టేంతే తెరుచుకుంది. చెవి ముందున్న దవడ కీలుకీ అదే వాతం.

"పొద్దున్న బ్రష్షు ఎలా చేసుకుంటున్నారమ్మా?"

దీవెనమ్మ తల దించుకుంది. "పిడికిలి ముడుచుకోదండి. బ్రష్షు జారిపోతంది. ఇదివరకు ఓ డాక్టరుగారు, పళ్ళు తోముకోవా అని కసిరారు. సిగ్గేసి మళ్ళీ ఎవరి దగ్గరికీ ఎల్లలేదండి."

సుభాషిణిగారు స్టూలు దగ్గరికి లాక్కుని, కొంగు కిందనుంచి ఆ చేతుల్ని మెల్లగా తీసి తన చేతుల్లో పెట్టుకున్నారు. "ఇది మీ తప్పు కాదమ్మా" అన్నారు. దీవెనమ్మ ఏడ్చింది. నా మీద ఏడ్చినవాళ్ళు చాలామందే గానీ, మనసులో నొప్పి తగ్గి ఏడ్చింది ఈవిడొక్కతే.

కీళ్ళ డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆవిడ వాడే మందుల సంగతి తేల్చుకున్నాకే పని మొదలైంది. మెడ కీళ్ళకి ప్రమాదమని నన్ను పూర్తిగా వెనక్కి వాల్చలేదు. మెడ కింద తువ్వాలు చుట్టి పెట్టారు. కాసేపు పని, కాసేపు దవడకి విశ్రాంతి. ఒక్కరోజులో అయ్యే పనిని వారాల తరబడి ఓపిగ్గా సాగదీశారు. పాడైన పన్ను తీశారు, చిగుళ్ళు శుభ్రం చేశారు. సైకిల్ హ్యాండిల్‌కుండే రబ్బరు తొడుగు బ్రష్షుకి తొడిగి ఇస్తే, దీవెనమ్మ దాన్ని పట్టుకుని తన పళ్ళు తనే తోముకుంది. అద్దంలో చూసుకుంటూ ఆపనే లేదు.

చిగుళ్ళు మానాయి. మోకాళ్ళ ఆపరేషనూ అయింది.

కొన్ని నెలలకి తలుపు దగ్గర చేతికర్ర చప్పుడు. దీవెనమ్మ! వెనక కరుణ ఉంది, కానీ పట్టుకోలేదు. ఒక్కో అడుగూ వేస్తూ నా దాకా వచ్చింది.

"కూర్చోండమ్మా, చూద్దాం" అన్నారు సుభాషిణిగారు.

"ఇన్నేళ్ళూ కూర్చునే ఉన్నానండి. ఇయ్యాల కాసేపు నిలబడతాను."

నా పక్కనే నిలబడి, నోరు తెరిచి నవ్వింది. ఖాళీగా ఉండడం ఇంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.