కొంచెం నమ్మకం

అయిదింటిలోగా నీళ్ళ మోటారు గైడు అనువాదం కొత్త మేనేజరమ్మకు చేరకపోతే, ఆ పని ఇంకొకరి పాలవుతుంది. నాలుగూ నలభైకి అనువాదకుడు మెయిల్‌కి మేనేజరమ్మ ఒక్కతే తెరవగలిగేలా ఆవిడ పంపిన కీతో తాళం వేయబోతే కంప్యూటరు మొరాయించింది: "ఈ కీ ఆవిడదేనని చెప్పలేం."

"అదేమిటి, ఆ కీ ఆవిడదేనని నేను సంతకం పెట్టాగా!" అంటూ ఇల్లాలు తడిచేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. నిన్ననే మేనేజరమ్మ ఎదుట కూర్చుని, ఆ కీకి వేలిముద్ర లాంటి గుర్తు, నలభై అక్షరాలూ ఒక్కొక్కటే టిక్కు పెట్టి మరీ సరిచూసింది.

ఆయన గొణిగాడు. "నీకు... కొంచెం నమ్మకం అని పెట్టాను. అలాంటివాళ్ళు ముగ్గురు సంతకం పెట్టాలి. పూర్తి నమ్మకమైతే ఒక్కరు చాలు."

"తొమ్మిదేళ్ళ కాపురానికి కొంచెమా?"

"నీ మీద కాదే, నీ సాక్ష్యం మీద! నువ్వు నువ్వేనని నాకు ఇసుమంత అనుమానం లేదు. నీ కీ నీదేనని పచ్చగానే చూపిస్తోంది. కానీ అప్పుడు మీ తమ్ముడి కీకి ఫోన్లో గొంతు విని సంతకం పెట్టేశావు."

"నేను నేనేనని ఒప్పుకున్నారు, అదే పదివేలు. మరి పూర్తి నమ్మకం ఎవరి మీదో?"

"అమ్మ మీద."

అత్తగారు సోఫాలో పిల్లిని నిమురుతోంది. ఆయన ఈ కీల పని నేర్చుకునే రోజుల్లో సరదాకి పిల్లి పేరున చేసిన కీ కూడా ఆవిడ సంతకంతో పచ్చబడింది.

"అమ్మా, మేనేజరమ్మ కీకి ఒక్క సంతకం పెట్టవే."

"మొహం చూడని మనిషికి సాక్ష్యం పలకనా? పోరా!"

"పిల్లికి పెట్టావుగా!"

"దీన్ని నేనెరగనా? నా ఒళ్ళో పెరిగింది. మెడపట్టీ మీద నువ్వు కుట్టించిన నలభై అక్షరాలూ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను."

అత్తగారి మాటలో వంక పెట్టడానికేమీ లేదు. ఇల్లాలికి మండింది అందుకే.

"పోనీ నేనే పెట్టేస్తే?" అన్నాడాయన.

"ఆవిణ్ణి చూశారా?"

"లేదు."

నాలుగూ యాభై ఆరు. ఆయన భార్య పేరు పక్కన "కొంచెం" తీసేసి "పూర్తి" పెట్టాడు. మేనేజరమ్మ కీ పచ్చబడింది. ఉత్తరం వెళ్ళిపోయింది.

ప్రాణం కుదుటపడ్డాక ఆయనకు కుతూహలం పుట్టింది. "ఇంతకీ నీ దగ్గర నాదెంత?"

ఇల్లాలు తన ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. ఆయన కీ పచ్చగానే ఉంది. కింద మాత్రం: "అసలు నమ్మవద్దు."

"మీ మీద కాదండీ, మీ సాక్ష్యం మీద. మొదటి నాలుగక్షరాలూ చివరి నాలుగూ చూసి సంతకం గీకేస్తారు. నడిమి ముప్పై రెండూ దేవుడెరుగు."

"మరి పూర్తి ఎవరికిచ్చావ్?"

"పిల్లికి. ఇంతవరకూ ఎవరికీ తప్పుడు సాక్ష్యం చెప్పలేదు."

"పెంపకం అలాంటిది," అంది అత్తగారు, కొడుకు వంక చూడకుండా.