సుద్దగీతల మధ్య కుర్చీ

కంచె కొక్కెం పక్క కంచెకున్న కన్నంలో పడగానే వుబ్బో నడుం మీద చెయ్యేసుకుని కాసేపు నిలబడ్డాడు. తెల్లవారకముందు మొదలైన పని ఇంకా సగం కూడా కాలేదు. తడిసిన ఇనుము తొడుగుల్లోంచి కూడా చేతులను కొరుకుతోంది. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. పురపాలక సంఘంలో చేరిన నాటి నుంచి రాజుగారి పుట్టినరోజంటే అతనికి చాకిరీయే. దేశమంతా రాజవంశపు నారింజ రంగు టోపీలు పెట్టుకుని తిరుగుతుంటే, అతను పొద్దున కంచెలు కట్టాలి, సాయంత్రం చెత్త ఊడ్చాలి. రాణిగారి కాలంలోనూ అంతే.

పిచ్చంతా భార్య ఫ్రౌకేది. రాజకుటుంబం ఆ ఏడు ఏ ఊరు వెళితే ఆ ఊరికి మడతకుర్చీ చంకన పెట్టుకుని రైలెక్కేది. తిరిగొచ్చి, "చిన్న యువరాణి నాకేసి చెయ్యూపింది" అనేది. ప్రతి ఏడూ అదే మాట.

"నీకేనా, నీ వెనకున్న ఊరందరికా?" అని వుబ్బో ఏడిపించేవాడు.

ఈ ఏడు వాళ్లు ఈ ఊరికే వస్తున్నారు. ఈ ఏడే ఫ్రౌకే ఊపిరితిత్తులు చెడి, కాలవ అవతల, ఇక నయం కాదన్నవాళ్లను ఉంచే ఇంట్లో మంచం పట్టింది. అయినా మొన్న గట్టిగా చెప్పింది.

"చక్రాల కుర్చీలోనైనా వస్తాను. నా చోటు పట్టి ఉంచు. నువ్వెలాగూ కంచె దగ్గర కాపలాగా వాళ్లకు వీపు పెట్టి జనాన్నే చూస్తూ నిలబడాలిగా. నేను వాళ్లను చూస్తాను, నువ్వు నన్ను చూడు."

ఆ మాట అతని గుండెలో దిగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ క్షణాన ఆమె ముఖం ఎలా ఉంటుందో అతనెన్నడూ చూడలేదు. అందుకే నిన్న సాయంత్రం, పాత సామాన్లు అమ్మేవాళ్లు పండుగ సంతలో తమ చోటు పట్టుకోవడానికి గీసుకున్నట్టే, తను నిలబడే చోటుకు ఎదురుగా సుద్దతో గడి గీసి, అందులో ఫ్రౌకే అని రాశాడు. మధ్యలో ఆమె మడతకుర్చీ, దాని మీద నారింజ రంగు దిండు పెట్టాడు. ఈ ఊళ్లో సుద్దగీతకున్న విలువ పెద్దమనుషుల మాటకు లేదు.

"పిన్ని వస్తుందంటావా బాబాయ్?" అన్నాడు ఊడ్చే బండి నడిపే యెల్లె.

"వస్తానంది."

"అంటే వస్తుందిలే. నిన్నే ఇన్నేళ్లు భరించింది, ఈ చలి ఒక లెక్కా!"

వుబ్బో నవ్వలేకపోయాడు. పొద్దెక్కేసరికి జనం కిక్కిరిశారు. బుగ్గల మీద జెండా రంగులు, భుజాల మీద పిల్లలు, చేతుల్లో కొరికితే పక్కలనుంచి మీగడ కారిపోయే నారింజ మిఠాయిలు. ఒక లావాటాయన దారి చేసుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడబోయాడు.

"ఏమయ్యా, కళ్లు కనబడట్లేదా? పేరు రాసుంది!" అని పక్కనున్న ముసలమ్మ గయ్యిమంది.

"ఖాళీగానే ఉందిగా అమ్మా."

"ఖాళీ ఏంటి? ఫ్రౌకేది! ఆవిడెవరో నాకూ తెలీదు. అయినా ఆవిడదే!"

ఆయన తల గోక్కుంటూ తప్పుకున్నాడు. ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నా ఎవరి బూటూ గీత దాటలేదు. వుబ్బో కళ్లు మాత్రం జనం వెనక వంతెన మీదే ఉన్నాయి. చక్రాల కుర్చీ ఏదీ రాలేదు.

బాజాలు దగ్గరయ్యాయి. ఎదురుగా ముఖాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అతని వీపు వెనక ఎవరో నవ్వుతూ నడిచి వెళ్లారు. ముసలమ్మ ఎగిరి ఎగిరి చెయ్యూపింది. వుబ్బో ఖాళీ కుర్చీని చూస్తూ నిలబడ్డాడు. ఏడుపొచ్చింది, కానీ ఒంటిమీద పసుపు పనిచొక్కా ఉంది.

జనం పలచబడ్డాక జేబులో ఫోను కదిలింది. కూతురు ఇనేకె.

"నాన్నా, పొద్దున్నుంచీ ఆయాసమే. డాక్టరు కదిలించొద్దన్నారు. టీవీ పెట్టాను. నువ్వు కనబడ్డావు నాన్నా. నీ వీపు, నీ ఎదురుగా అమ్మ కుర్చీ."

"చూసిందా?"

"చూసింది. 'అంత జనంలోనూ నా చోటు ఎవరికీ ఇవ్వలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి వాళ్లను చూడొచ్చుగా, మొద్దు' అని నవ్వింది. నవ్వి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను... నువ్వొచ్చెయ్ నాన్నా."

వుబ్బో పసుపుచొక్కా విప్పి కంచె మీద వేశాడు. యెల్లె బండి ఆపి దిగాడు. వుబ్బో ముఖం చూడగానే అతనికి అర్థమైంది.

"కుర్చీ తెచ్చివ్వనా బాబాయ్?"

"ఉండనీరా. పొద్దుగూకే దాకా ఆ చోటు ఆవిడదే."

అతను వంతెన వైపు నడిచాడు. యెల్లె బండెక్కి, కాగితపు జెండాలనూ నలిగిన టోపీలనూ ఊడ్చుకుంటూ గడి దాకా వచ్చి, దాన్ని చుట్టి వెళ్లాడు. ఊడ్చిన వీధిలో నాలుగు సుద్దగీతల మధ్య మడతకుర్చీ ఉంది, దాని మీద ఎవరూ కూర్చోని నారింజ దిండు.