నేను చాపెల్‌ను పొగిడిన ఆదివారం

నాకు మాట్లాడే జబ్బుంది. చింతామణి కాలేజీలో చరిత్ర చెప్పి చెప్పి రిటైరైనా అది తగ్గలేదు. పెళ్లికి పిలిస్తే కల్యాణమంటపం స్తంభాల గురించి చెబుతాను, చావుకు పిలిస్తే శ్మశానం ప్రహరీగోడ గురించి. తెలిసినవాళ్లు నన్ను దూరం నుంచే చూసి పక్కసందులోకి తిరుగుతారు. తెలిసీ వెతుక్కుంటూ వచ్చింది సుమ ఒక్కతే.

సుమ నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు బాగేపల్లిలో టీచరు. చాకవేలు దగ్గర మా ఇద్దరిదీ ఒకే ఊరు. ఆ ఊళ్లో చెన్నరాయస్వామి గుడికి మావాళ్లు తరతరాలుగా అర్చకులు, ఇప్పుడు మా తమ్ముడు భార్గవ చేస్తున్నాడు. సుమవాళ్లది ఊరి చివర బాప్టిస్టు చాపెల్.

"సార్, ఆదివారం ఆరాధన అయినాక సంఘం మీటింగుండాది. పాతది పడగొట్టి కాంక్రీటు హాలు కట్టల్లంటాండారు. కొత్త ప్లాన్‌లో తొట్టి లేదు సార్" అంది.

తొట్టి అంటే బాప్తిస్మపు తొట్టి. వాళ్లలో పసిపిల్లల నెత్తిన నీళ్లు చల్లరు. ఊహ తెలిసి, తనంతట తాను కోరుకున్న మనిషిని నిండా ముంచుతారు. చాపెల్ వేదిక మీది చెక్కపలకలు తీస్తే కింద ఆ తొట్టి ఉంటుంది. సుమ అవ్వ, అమ్మ అందులోనే మునిగారు. వచ్చే ఈస్టరుకు సుమ మునగాలి.

"మా చిన్నాయన దేవరాజే సంఘపెద్ద. పడగొట్టల్లని పట్టు పట్టింది ఆయప్పే. మీరు హిస్టరీ చెప్తే వింటారేమో. నాకు ఆ తొట్టే కావల్ల సార్."

ఆహా, నా చరిత్ర కావలసినవాళ్లు కూడా ఉన్నారే అని పొంగిపోయాను.

ఆదివారం చెప్పులు విడిచి లోపలికి వెళ్లగానే నా కాళ్లు వాటంతటవే ఎడమపక్కకు, ప్రదక్షిణకు తిరిగాయి. గోడ అడ్డమొచ్చింది. ఎవరూ చూడలేదనుకున్నాను. పిల్లలందరూ చూశారు.

కట్టడం నిజంగానే బాగుంది. గోపురం లేదు, బొమ్మలు లేవు. సున్నం పూసిన మొరటురాతి గోడలు, రెండు వరుసల రాతికంబాలు, పైన పెంకులు. గంటకు బదులు బయట వేలాడే రైలుపట్టా ముక్క. ఆరాధన అయ్యి మీటింగు మొదలవగానే నేను లేచి గొంతు సవరించుకున్నాను. మా ఇంట్లో దేన్నైనా మెచ్చుకోవడానికి ఒకటే కొలత ఉంది. పాయసం కుదిరితే గుడి ప్రసాదంలా ఉందంటాం. నాకు తెలిసిన పొగడ్తల్లో అంతకన్నా పెద్దది లేదు. అదే వాడాను.

"ఇది అచ్చం మన చెన్నరాయస్వామి ముఖమంటపం! అవే వరుసలు, అదే కొలత! మీ తొట్టి సాక్షాత్తు కోనేరు! ఆ గుడి లోపల నిలబడి చూసినవాళ్లే దీన్ని కట్టి ఉండాలి!"

చప్పట్ల కోసం ఆగాను.

దేవరాజ్ మెల్లగా అన్నాడు. "మా తాత ఆ గుడి గడప దాటలే సార్. లోపల కంబాలుండాయో కట్టెలుండాయో ఆయప్పకేం తెల్సు? దాటనీకుండా అడ్డం నిలబడింది మీ తాతే కదా."

దేవరాజ్ సంఘం వైపు తిరిగాడు. "ఇది ఆ గుడి మాదిరుంటే పడగొట్టేదే మేలు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి." ముందు తన చెయ్యెత్తాడు. వెనక ఒక్కొక్కటే లేస్తున్నాయి. సుమ తల వంచుకుంది.

నాకు కంగారు పుట్టింది. కంగారులో నోరు మూసుకునే అలవాటు నాకు లేదు. "కాదు కాదు, పొరపాటు! ఆ గుడికీ దీనికీ పోలికే లేదు! ఆ కంబం చూడండి, వంకర. ఈ రెండూ ఒకే ఎత్తులో లేవు. గోడ ఉబ్బింది. కట్టినవాళ్లకు దారం పట్టి చూడడం కూడా రాదు!"

దేవరాజ్ చెయ్యి దిగింది. "వంకరా? ఆ కంబాన్ని మా తాతోళ్లు కొండమింద నుంచి బుజాల మీద మోసుకొచ్చినారు. పగలంతా ఊరోళ్ల చేన్లల్లో కూలి చేసి, పొద్దుగుంకినాక కట్టినారు! ఇన్ని వానలకు ఒక్క రాయి కదిలిందేమో చూపీండి!"

సుమ అవ్వ రత్నమ్మ లేచి నిలబడింది. "గోడ ఉబ్బిందంట! నీ కడుపంత ఉబ్బలేదులే సామీ!"

ఆ తర్వాత సంఘమంతా వంతులేసుకుని నన్ను దులిపింది. ఒక్కో రాయికీ ఒక్కో తాత బయటికొచ్చాడు. అంతా అయ్యాక పాస్టరయ్య, పడగొట్టాలనేవాళ్లు మళ్లీ చేతులెత్తండి అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు, దేవరాజ్‌ది కూడా. సుమ ఏడుస్తూ అవ్వను వాటేసుకుంది.

నేను బయటికొచ్చి, తిట్టించుకోవడం నా ఎత్తుగడేనని సుమకు చెబుదామనుకుంటున్నాను. ఇంతలో దేవరాజ్ టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

"కోపం పెట్టుకోవద్దండి సార్. ముందు అచ్చం ఆ గుడి మాదిరుండాదంటిరి, మళ్లీ కాదంటిరి. యాది నిజమో మేమూ చూసుకోవల్ల కదా. మీ తమ్ముడే పూజారి. వచ్చే ఆదివారం అందరమూ వస్తాము. లోపలికి పిల్చుకోని పోయి ఆ కంబాలు చూపిస్తారా?"

గుడి గడప దగ్గర ఎవరి కులమూ అడగకూడదని చట్టముంది. ఆ పాఠం చెప్పింది నేనే, ముందు బెంచీలో కూర్చుని రాసుకుంది సుమ. ఇప్పుడూ నా మొహంకేసే చూస్తోంది. "దానికేం, రండి" అంటే సరిపోయేది. గంటలకొద్దీ వాగే నోటికి ఆ రెండు మాటలు రాలేదు.

"మా తమ్ముణ్ణి ఒక మాట అడిగి చెబుతాను" అన్నాను.

"అడగండి సార్" అన్నాడు దేవరాజ్, నవ్వుతూనే. సుమ నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

ఇవాళ శనివారం. భార్గవను ఇంకా అడగలేదు. పొద్దున్నుంచీ కూర్చుని ఇదంతా రాస్తున్నాను.