బెర్నీషియా రాజు చావనన్నాడు

మా ఆయనా, మా తమ్ముడూ నాలుగేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. పోనీ ఏ ఆస్తి దగ్గరో తేడా వచ్చిందా అంటే అదీ కాదు. తెలుగు సంఘం అధ్యక్ష పదవి దగ్గర వచ్చింది. మయూర్ విహార్‌లోని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సంఘమూ, నోయిడాలోని సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంఘమూ కలిసిపోయినప్పుడు, చెరో రెండేళ్ళు అధ్యక్షుడుగా ఉండాలని ఒప్పందం. మయూర్ విహార్ తరఫున మా ఆయన త్యాగరాజు గారు ముందు ఎక్కారు. పేరుకు త్యాగరాజే గాని కుర్చీ వదలమంటే మాత్రం ప్రాణం ఒప్పదు. ఈ వినాయక చవితి కానీ, ఈ ఉగాది కానీ అంటూ మరో నాలుగేళ్ళు లాగేశారు.

అవతల వంతు కోసం కాచుక్కూర్చున్నవాడు పరాయివాడైతే నాకేం బాధ? వాడు నా తమ్ముడు పార్థసారథి. ఒళ్ళు మండి మా ఇంటికి రావడం మానేశాడు. "నువ్వు రా అక్కా, నీకేం అడ్డం లేదు, ఆయన్ని మాత్రం తేకు" అన్నాడు గాని, మొగుణ్ణి రావద్దన్న ఇంటికి నేనొక్కదాన్నే వెళ్ళి పప్పన్నం తినలేను కదా. ఈ ఢిల్లీలో నాకు పుట్టిల్లంటే వాడి ఇల్లే. ఆ గడప తొక్కి నాలుగేళ్ళయింది. మా మరదలు సుభద్ర గోంగూర పచ్చడి చేస్తే సీసాలో పెట్టి డెలివరీ కుర్రాడి చేత పంపుతుంది. పుట్టింటి పచ్చడిని ఓటీపీ చెప్పి తీసుకోవాల్సి వచ్చినప్పుడల్లా నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి.

ఈసారి ఉగాదికి పద్యనాటకం వెయ్యాలని సంఘం తీర్మానించింది. మా ఆయనకీ, తమ్ముడికీ మంచి గొంతుంది, ఆ సంగతి ఇద్దరికీ కాస్త ఎక్కువే తెలుసు. కృష్ణుడి నాటకం పెడితే ఇద్దరూ కృష్ణుడి వేషమే కావాలంటారు. అందుకని నాటకం నేను రాస్తానన్నాను. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ పిల్లలకు చరిత్ర పాఠం చెప్పే ఉద్యోగం నాది. నేను పరిశోధన చేసింది ఏడో శతాబ్దపు ఇంగ్లండు రాజుల మీద. ఎందుకు చేశావని మీరూ అడక్కండి, మా అత్తగారు అడిగింది చాలు.

కథ ఇదీ. ఇంగ్లండుకు ఉత్తరాన బెర్నీషియా, డైరా అని రెండు చిన్న రాజ్యాలు. బెర్నీషియా రాజు ఎథెల్‌ఫ్రిత్ డైరాను కలిపేసుకుని, అక్కడి రాజకుమార్తెను పెళ్ళాడి, ఆమె తోడబుట్టిన ఎడ్విన్‌ను దేశం నుంచి తరిమేశాడు. ఎడ్విన్ ఇంకో రాజు పంచన చేరి, ఆయన సైన్యంతో తిరిగొచ్చాడు. నది ఒడ్డున యుద్ధంలో బావ చనిపోయాడు, ఎడ్విన్ రెండు రాజ్యాలకూ రాజయ్యాడు. ఇది ఎవరి ఇంటి కథో చదవగానే తెలుస్తుందనీ, తెలిస్తే ఇద్దరూ సిగ్గుపడతారనీ నా ఆశ.

వాళ్ళు చదివితే కదా! పద్యాలు పాడే మహానుభావులు కథ చదవరు, తమ పద్యాలెన్నో లెక్కపెట్టుకుంటారు. ఎథెల్‌ఫ్రిత్‌కు పద్యాలు ఎక్కువున్నాయని మా ఆయన ఆ వేషం పట్టేశారు. ఎడ్విన్ తమ్ముడికి మిగిలాడు. ఆ పేరును సీసపద్యంలో ఇరికించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరి రంగం రిహార్సల్ దాకా ఆయనకు విషయం అర్థం కాలేదు.

"ఏంటే, నేను చచ్చిపోతానా?"

"అవునండీ."

"వాడి చేతిలోనా?"

"ఎవరి కత్తి తగిలిందో చరిత్రలో లేదు. నాటకంలో మాత్రం వాడే."

"అయితే మార్చెయ్."

"పధ్నాలుగొందల ఏళ్ళ కింద పోయినవాణ్ణి నేనెలా బతికించనండీ?"

ఆయన అలిగి రిహార్సల్ నుంచి లేచిపోబోయారు. హార్మోనియం వాయించే చిట్టిబాబు గారు చెయ్యి పట్టుకు ఆపారు. "సార్, చచ్చేటప్పటి పద్యమే నాటకానికి ప్రాణం. దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే" అని ఉబ్బేశారు. మా ఆయన ఉబ్బిపోయి, ఆ ఊపులో అందరి ముందూ మాటిచ్చేశారు. "నాటకం పూర్తవగానే స్టేజీ మీదే అధ్యక్షుడి కండువా పార్థుకి కప్పుతాను. ఠీక్ హై?" అన్నారు. నేను ఆ సాయంత్రం దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

ఉగాది వచ్చింది. మయూర్ విహార్‌లో మా సొసైటీ కమ్యూనిటీ హాలు. ఇంగ్లండు రాజుల కిరీటాలు కావాలంటే, రాంలీలా డ్రస్సులు అద్దెకిచ్చే భయ్యా కాసేపు ఆలోచించి రావణుడిదొకటి, విభీషణుడిదొకటి ఇచ్చాడు. రావణుడిది మా ఆయన లాక్కున్నారు. తెర ఎత్తే ముందు మా తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఇవాళ గనక ఈయన కుర్చీ దిగలేదంటే నీకూ మా ఇంటికీ చెల్లు. ఇంక నువ్వొస్తానన్నా నేను వద్దంటాను."

వాడు కోపంలో అన్నా మాట మీద నిలబడే రకం.

నాటకం బ్రహ్మాండంగా నడిచింది. ఆఖరి రంగంలో తమ్ముడు కత్తి దూశాడు, మా ఆయన కూలిపోయారు, మోచేతి మీద లేచి పద్యం ఎత్తుకున్నారు. ఎంత కోపమున్నా నిజం చెప్పాలి, అద్భుతంగా పాడారు. హాలంతా "వన్స్ మోర్!" అని అరిచింది. పద్యనాటకంలో వన్స్ మోర్ అంటే శాసనం. చచ్చినవాడు సైతం లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. రాసినవాళ్ళకు గాని, ఆడించేవాళ్ళకు గాని అడ్డం చెప్పే హక్కు లేదు.

ఆయన సంతోషంగా లేచి పాడి చచ్చారు. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ లేచారు. ఆ తరువాత ఎవరూ అడక్కుండానే లేచి కూర్చున్నారు. అప్పుడు నాకు వెలిగింది. నాటకం పూర్తవగానే కండువా కప్పుతానన్నారు. తను చావకపోతే నాటకం పూర్తి కాదు. నాటకం పూర్తి కాకపోతే ఆయనే అధ్యక్షుడు!

ఈలోగా మా తరువాత హాలు బుక్ చేసుకున్న బర్త్‌డే పార్టీ వాళ్ళ మనిషి బెలూన్ల గుత్తితో వచ్చి నా వెనక నిలబడ్డాడు. "మేడమ్, హాల్ ఖాలీ కర్‌నా హై" అన్నాడు. తెర చాటునుంచి నేను పళ్ళు కొరుకుతూ, "చావండి! ఇంక చావండి!" అన్నాను. ముందు వరసల వాళ్ళకు వినపడింది. చప్పట్లు కొట్టారు.

ఆయన చావలేదు. నేను రాసిన పద్యాలు అయిపోవడంతో నాటకానికి సంబంధం లేని పాత పద్యం ఒకటి అందుకున్నారు. కత్తి పట్టుకుని గుర్రుగా చూస్తున్న మా తమ్ముడి ముఖం ఒక్కసారిగా మారిపోయింది. అది వాడు నేర్చుకున్న మొదటి పద్యం. ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి మా ఇంట్లో ఉన్న రోజుల్లో, మా ఆయనే డాబా మీద కూర్చోబెట్టి నేర్పారు. వాడి చేతిలో కత్తి కిందికి దిగింది. తల ఊగడం మొదలుపెట్టింది. పద్యం పూర్తయ్యేసరికి ఒళ్ళు మరిచి, "ఆహా! వన్స్ మోర్, బావా!" అని అరిచాడు.

నాలుగేళ్ళ తరువాత వాడి నోట ఆ పిలుపు. మా ఆయన గతుక్కుమన్నారు.

"ఏమన్నావురా?"

"మళ్ళీ పాడు బావా. నువ్వలా పాడుతుంటే చంపబుద్ధి కావట్లేదు."

మా ఆయన పద్యం ఎత్తుకోబోయి ఆగారు. అప్పుడు తన తల మీది కిరీటం తీసి, విభీషణుడి కిరీటం ఊడబీకి, తనది తమ్ముడి తలకు పెట్టారు. చిట్టిబాబు గారి దగ్గరున్న కండువా తెప్పించి భుజాన కప్పారు. "ఇక నువ్వు ఏలుకోరా" అని, ఎవరూ పొడవకుండానే నేల మీద పడుకుని కళ్ళు మూసుకున్నారు. మొగుడు చచ్చినందుకు నా అంత సంబరపడిన ఇల్లాలు లోకంలో ఉండదు.

ఆ పూట భోజనాలు నోయిడాలో, తమ్ముడింట్లోనే. సుభద్ర గోంగూర పచ్చడి వడ్డిస్తోంది. కొత్త అధ్యక్షుడు కండువా తియ్యకుండానే అన్నం కలుపుతున్నాడు.

"అక్కా, ఆ ఎడ్విన్ ఎన్నేళ్ళు ఏలాడే?"

"పదిహేడేళ్ళు."

"అచ్ఛా! తరువాత?"

"యుద్ధంలో పోయాడు. ఏడాది గందరగోళం తరువాత మేనల్లుడొచ్చి గద్దె ఎక్కాడు. ఆ పోయిన బావ కొడుకు."

మా ఆయన మెల్లగా మీసం దువ్వుకున్నారు. అందరి చూపులూ మా అబ్బాయి దీపు మీదికి మళ్ళాయి. వాడు ఫోన్‌లోంచి తలెత్తి, "ముఝే మత్ దేఖో మామా, మేరా ఎగ్జామ్ హై" అన్నాడు. వాడికి పరీక్ష ఉందట, తనవైపు చూడొద్దట. తమ్ముడు పగలబడి నవ్వి, వాడి కంచంలో గరిటెడు నెయ్యి పోశాడు. "వీణ్ణి ఇప్పట్నుంచే మంచి చేసుకోవాలి బావా" అన్నాడు.

నాకు కళ్ళనీళ్ళు ఆగడం లేదు.

"కారం ఎక్కువైందా వదినా?" అంది సుభద్ర కంగారుగా.

"లేదే, బాగుంది" అన్నాను. "ఇంకొంచెం వెయ్యి."