లోపల చాలా ఖాళీ ఉంది

"లోపలికి జరగండి, లోపల చాలా ఖాళీ ఉంది" అంటూ మైకు పొద్దున్నే లాడ్జీ కుళాయి దగ్గర బకెట్ల వరుస సర్దేశాడు. వైద్యానికి వచ్చిన ఆ జనంలో ఎవరికీ అతని భాష రాదు. అయినా చెయ్యి చూసి బుద్ధిగా జరిగారు.

మైకు బస్సు కండక్టరు. పాతికేళ్లు నిండని మనిషి. సంచీ బరువుకి ఎడమ భుజం ఓ పిసరు కిందికి వాలింది. గట్టి నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టి, ఊగే బస్సులో ఉన్నట్టే నిలబడతాడు. గొంతుని బట్టి వచ్చింది ఆ పేరు. అతను స్టాపు పేరు అరిస్తే ఎదురు బస్సులో నిద్రపోయేవాళ్లు కూడా లేచి దిగిపోయేవారట. ఓసారి పెళ్లివారంతా అలాగే దిగిపోయి, ఎవరిదో పెళ్లిలో భోంచేసి, అక్షింతలు కూడా వేసి వచ్చారట. చెప్పింది అతనే కనక సగం కొట్టేసినా, సగం మిగులుతుంది.

ఇప్పుడా గొంతులో క్యాన్సరు గడ్డ. రైళ్లు మారి మారి ఇంత దూరం వచ్చారు, అతనూ భార్యా. మధ్యాహ్నం ఆపరేషను. గొంతుపెట్టె తీసేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. సగం తీసి సగం ఉంచమని మైకు సైగలతో బేరమాడి చూశాడు. కుదరలేదు.

అందుకని పొద్దున్నుంచీ ఉన్న మాటలన్నీ ఖర్చు పెట్టేస్తున్నాడు. ఫోనులో అమ్మకి ధైర్యం చెప్పాడు. డిపోలో వాళ్లని వరసపెట్టి తిట్టాడు. ఒక్క మాట మాత్రం దాచాడు. భార్య మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ "ఏయ్ పిల్లా"తోనే సరిపోయింది. పేరు పెట్టి పిలిచింది లేదు.

"అందరికీ అన్నీ చెప్పేశావు బావా. నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలవ్వా?" అందామె, అతని తల దువ్వుతూ.

"తొందరేంటి పిల్లా? ఆపరేషను గది తలుపు దగ్గర పిలుస్తా. ఆఖరి మాట నీకే రిజర్వు చేశా."

"మర్చిపోతావు."

"టికెట్టు కొట్టకుండా ఎవర్నైనా దింపానా?"

మధ్యాహ్నం చక్రాల మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. ఆమె అతని వేలు పట్టుకుని పక్కనే నడిచింది. తలుపు ముందు ఎవరెవరి చుట్టాలో గుంపుగా అడ్డం నిలబడ్డారు. మంచం ఆగింది. తోసే మనిషి ఏదో అన్నాడు, ఎవరూ కదల్లేదు.

మైకు ఆమె వైపు తిరిగి పెదాలు తడుపుకున్నాడు. పేరులో మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో వెనక నుంచి ఇంకో మంచం వచ్చి ఢీకొంది. ఇక ప్రాణం ఊరుకోలేదు. అరచేత్తో ఇనప కమ్మీ మీద టపటపా కొట్టి, "జరగండి, జరగండి. రైట్, రైట్" అన్నాడు.

రంపం కోసినట్టున్న గొంతే. కానీ ఆ వరండా మొత్తానికి అర్థమైంది. జనం రెండుగా విడిపోయారు. తోసే మనిషీ ఎక్కడో బస్సెక్కినవాడే కనక ఒక్క ఊపున లోపలికి తోసేశాడు. తలుపు మూసుకుంటుంటే సందులోంచి మైకు మొహం కనిపించింది, దిగాల్సిన స్టాపు దాటిపోయిన ప్రయాణికుడి మొహంలా.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత గోడ వారగా కూలబడింది. లోపల పిలిచే ఉంటాడు. పిలిచినా, అది పేరని తెలిసినవాళ్లు అక్కడెవరూ లేరు.

సాయంత్రం డాక్టరు వచ్చి, నవ్వుతూ బొటనవేలు పైకెత్తి చూపించాడు. మనిషి దక్కాడు. వెనకే నర్సు వచ్చి మైకు చొక్కా మడత పెట్టి ఆమె ఒళ్లో ఉంచింది. చిల్లర మోసి మోసి సాగిపోయిన పైజేబు, లోపల ఏమీ లేకపోయినా, నోరు తెరుచుకునే ఉంది.